కోడ్‌కూ ఒక పరిష్కర్త కావాలి

మన గోడపత్రికకి కవితలు వస్తాయి, కథలు వస్తాయి, పండగ వ్యాసాలు వస్తాయి. ఈసారి నేను సాఫ్ట్‌వేర్ గురించి రాస్తానంటే మేడమ్ ఒక్క షరతు పెట్టారు: “రాయమ్మా, కానీ బి.ఏ. పిల్లలకీ అర్థం కావాలి.” అందుకని ఇందులో ప్రోగ్రాం ఒక్క లైను కూడా చూపించను. చెప్పదలచుకున్నది మాత్రం ఒకటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కోడ్ నాణ్యత పెంచే పని అని ఒకటి ఉంటుంది. అందులో సగానికి సగం చదివే పని. శ్రద్ధగా చదవడం వచ్చినవాళ్ళకి అక్కడ చోటుంది. తెలుగు చదవడం వచ్చినవాళ్ళకి ఇంకా ఎక్కువ చోటుంది.

నేను బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్ విద్యార్థినిని. మొదటి రెండేళ్ళూ పార్ట్ వన్‌లో తెలుగు చదివాను. ఆ క్లాసుల్లో గ్రంథ పరిష్కరణ అనే మాట మొదటిసారి విన్నాను. ఒకే కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికితే నాలుగూ ఒకేలా ఉండవు. రాసినవాళ్ళు ఒకచోట అక్షరం మింగేస్తారు, ఇంకోచోట ఒకే పాదాన్ని రెండుసార్లు రాస్తారు. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో జీతమిచ్చి పండితులను పెట్టుకుని, దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి, పోల్పించి, శుద్ధప్రతులు రాయించారు. పరిష్కర్తకి ఒక నియమం ఉంది. కవి చెప్పిన అర్థం మారకూడదు. మార్చిన ప్రతిచోటా ఏం మార్చారో, ఎందుకు మార్చారో చెప్పాలి.

కోడ్ నాణ్యత పెంచడానికీ నియమం అదే.

ఓపెన్ సోర్స్ అంటే

ప్రోగ్రాం అంటే కంప్యూటర్‌కి మనం రాసిచ్చే సూచనల చీటీ. ఆ చీటీనే సోర్స్ కోడ్ అంటారు. చాలా కంపెనీలు దాన్ని బయటకి చూపించవు, వాడుకోవడానికి మాత్రమే ఇస్తాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కోడ్ అందరికీ కనబడుతుంది. ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు. తమ మార్పు అసలు ప్రతిలోనే చేర్చమని పంపనూ వచ్చు. అలా పంపడాన్నే కాంట్రిబ్యూషన్ అంటారు.

ఈ వ్యాసమంతా ఒకే ప్రాజెక్టు ఉదాహరణతో చెబుతాను. అది లిబ్రెఆఫీస్. మన డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు, ఈ పత్రిక పేజీలు టైపు చేసేది అందులోనే. దాని చరిత్ర కొంచెం తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

1985లో జర్మనీలోని లూనెబర్గ్ అనే ఊళ్ళో మార్కో బొయెరీస్ అనే కుర్రాడు స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్ళ ఆఫీసు ప్రోగ్రాం పేరు తర్వాత స్టార్ ఆఫీస్ అయింది. 1999లో అమెరికాకి చెందిన సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొన్నది. 2000 అక్టోబరులో ఆ కోడ్‌ని ఓపెన్ ఆఫీస్ పేరుతో అందరికీ తెరిచింది. 2010లో సన్‌ని ఒరాకిల్ కొన్నది. అదే ఏడాది సెప్టెంబరులో ప్రాజెక్టులో పనిచేస్తున్నవాళ్ళు చాలామంది విడిగా వచ్చి, అదే కోడ్‌తో లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. దాన్ని ఇప్పుడు నడుపుతున్నది బెర్లిన్‌లో ఉన్న డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ.

అంటే ఈ ప్రోగ్రాం నలుగురి చేతులు మారింది. కోడ్ అరకోటి లైన్లకి పైనే ఉంటుంది. అందులో కొన్ని భాగాలు మనం పుట్టకముందు రాసినవి.

నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలి?

“ప్రోగ్రాం నడుస్తోంది కదా, దాని జోలికెందుకు?” ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మన వంటింట్లోనే ఉంది.

ఇంట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది. బిస్కెట్ల డబ్బాలో చింతపండు ఉంటుంది. కాఫీపొడి డబ్బాలో ధనియాలు ఉంటాయి. అమ్మకి ఏ ఇబ్బందీ లేదు, కళ్ళు మూసుకుని తీస్తుంది. అమ్మ నాలుగు రోజులు ఊరెళ్ళి పిన్ని వంటింట్లోకి వచ్చిందనుకోండి, ప్రతి డబ్బా మూత తీసి చూసుకోవాలి. వంట అవుతుంది, కానీ రెండింతల సమయం పడుతుంది. తొందరలో పంచదార అనుకుని ఉప్పు వేసే ప్రమాదమూ ఉంది.

కోడ్ కూడా అంతే. రాసినవాళ్ళు వెళ్ళిపోతారు, తర్వాత వచ్చినవాళ్ళు చదవాలి. ప్రోగ్రాంలో విలువలు దాచుకునే డబ్బాలని వేరియబుల్స్ అంటారు. మార్కుల మొత్తం దాచిన డబ్బాకి ‘మొత్తం మార్కులు’ అని కాకుండా ‘ఎక్స్’ అని పేరు పెడితే ప్రోగ్రాం నడవడం ఆగదు. చదివేవాళ్ళు మాత్రం ఆగిపోతారు.

బయటికి కనిపించే ప్రవర్తన మారకుండా లోపలి అమరికని మెరుగుపరచడాన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. మార్టిన్ ఫౌలర్ 1999లో ఇదే పేరుతో రాసిన పుస్తకం దీనికి బాగా ప్రచారం తెచ్చింది. అంతకుముందే, 1992లో వార్డ్ కన్నింగ్‌హమ్ అనే ప్రోగ్రామర్ ఈ సంగతిని అప్పుతో పోల్చి చెప్పాడు. తొందరగా పని కానివ్వడానికి సరిగ్గా అమరని కోడ్ రాస్తే అప్పు తీసుకున్నట్టే. పని వెంటనే జరుగుతుంది. ఆ తర్వాత ఆ కోడ్‌ని ముట్టుకున్న ప్రతిసారీ పట్టే అదనపు సమయమే వడ్డీ. కోడ్ నాణ్యత పెంచడమంటే ఆ అసలు తీర్చడం.

జర్మన్ వ్యాఖ్యల కథ

ప్రోగ్రాంలో కంప్యూటర్ కోసం రాసే లైన్లతో పాటు మనుషుల కోసం రాసే లైన్లూ ఉంటాయి. వాటిని కామెంట్లు అంటారు. కంప్యూటర్ వాటిని దాటేసి వెళ్ళిపోతుంది. ‘ఈ భాగం ఎందుకు ఇలా రాశాం’, ‘ఇక్కడ జాగ్రత్త’ లాంటి మాటలు అందులో ఉంటాయి. మన కావ్యాలకి వ్యాఖ్యానాలు ఉన్నట్టే అనుకోండి.

స్టార్ ఆఫీస్ రాసింది జర్మన్లు కనుక కామెంట్లు జర్మన్ భాషలో రాసుకున్నారు. వాళ్ళు వాళ్ళకోసం రాసుకున్నారు, అందులో తప్పేమీ లేదు. కోడ్ ప్రపంచానికంతా తెరుచుకున్నాక చిక్కు వచ్చింది. బ్రెజిల్‌లోనో ఇండియాలోనో కూర్చుని ఆ కోడ్ చదివేవాళ్ళకి ముఖ్యమైన హెచ్చరిక ఉన్నచోటే అర్థం కాని భాష ఎదురైంది. అలాంటి లైన్లు వేలల్లో ఉన్నాయి.

లిబ్రెఆఫీస్ మొదలైన తొలి రోజుల్లోనే వాటిని ఇంగ్లీషులోకి మార్చే పనిని కొత్తవాళ్ళకి అప్పగించదగిన పనుల జాబితాలో పెట్టారు. ఇంకా ఏ ఫైళ్ళలో జర్మన్ మిగిలి ఉందో వెతికిపెట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. అది కామెంట్లు చదివి, ఏ భాషో ఊహించి, జాబితా ఇస్తుంది. ఇక మిగిలింది మనుషుల పని. జర్మన్ వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కొక్క ఫైలూ తెరిచి అనువదించుకుంటూ పోయారు. ఇలా చాలా ఏళ్ళు సాగింది.

ఈ పనికి పెద్ద ప్రోగ్రామింగ్ పాండిత్యం అక్కర్లేదు. రెండు భాషలు బాగా రావాలి. చుట్టూ ఉన్న కోడ్ ఏం చేస్తోందో కొంచెం తెలుసుకోవాలి. ఎందుకంటే కామెంట్ రాసినప్పుడు ఒకలా ఉన్న కోడ్ తర్వాత మారిపోయి ఉండవచ్చు. అప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు అనువదిస్తే అబద్ధాన్ని అనువదించినట్టు అవుతుంది. అనువాదం పేపర్ చదివినవాళ్ళకి ఈ ఇబ్బంది కొత్త కాదు. మూలంలోని మాటని కాదు, సందర్భాన్ని అనువదించాలని మనకి రోజూ చెబుతూనే ఉంటారు కదా.

ఎవరూ పిలవని కోడ్

రెండో రకం పని ఇంకా సరదాగా ఉంటుంది, ఎందుకంటే ఇది తీసేసే పని. పెద్ద ప్రోగ్రాంలో చిన్న చిన్న పనులకి విడివిడి ముక్కలు రాసి, కావలసినప్పుడు పేరు పెట్టి పిలుస్తారు. ఆ ముక్కల్ని ఫంక్షన్లు అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ కొన్నింటిని పిలవడం మానేస్తారు, కానీ తీసెయ్యరు. అటక మీద పాత కుక్కర్ ఉన్నట్టు అవి ఉండిపోతాయి. వాడరు, పారెయ్యరు, దుమ్ము మాత్రం దులపాలి.

లిబ్రెఆఫీస్‌లో పనిచేసే కెయోలాన్ మెక్‌నమారా ఎవరూ పిలవని ఫంక్షన్లని పట్టుకోవడానికి కాల్‌క్యాచర్ అనే సాధనం రాశారు. అది ఇచ్చిన జాబితాలో తేలికగా తీసెయ్యగలవాటిని వేరు చేసి ఒక ఫైల్లో పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఫైల్లోంచి ఒక పేరు ఎంచుకుని, నిజంగానే ఎవరూ వాడడం లేదని నిర్ధారించుకుని, తీసేసి పంపేవాళ్ళు. జాబితా ఏడాదికేడాది చిక్కిపోయింది.

ఒక్క లైను కొత్తగా రాయకుండా ప్రాజెక్టుకి మేలు చేయవచ్చన్నమాట. పరిష్కర్తలు ప్రక్షిప్తాలు గుర్తించి పక్కన పెట్టినట్టే.

65,534 అక్షరాల గోడ

ఈ సర్దుడంతా వాడేవాళ్ళకి ఏం ఒరగబెట్టిందని అడగవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను.

పాత కోడ్‌లో అక్షరాల వరుస ఎంత పొడవుందో గుర్తుంచుకోవడానికి 16 బిట్ల చోటు ఇచ్చారు. 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. ఆ నిర్ణయం చేసిన రోజుల్లో కంప్యూటర్ మెమొరీ ఖరీదు, అది చాలనిపించింది. దానివల్ల రైటర్‌లో ఒక పేరాగ్రాఫ్ 65,534 అక్షరాలకి మించి ఉండడానికి వీలు లేకుండా పోయింది. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పాఠంలో పేరా విరుపులు లేకపోతే అక్కడ గోడ తగిలేది. తెలుగుకి ఆ గోడ ఇంకా దగ్గర. ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7.

దీన్ని సరిచేయడం ఒక్కచోట ఒక్క సంఖ్య మార్చితే అయ్యే పని కాదు. ఆ పాత అక్షరాల వరుస రకం కోడంతటా అల్లుకుని ఉంది. దాన్ని ఒక్కొక్కచోటే తీసి కొత్త రకం పెట్టుకుంటూ వచ్చారు. ఒక్కో మార్పూ చూస్తే చాలా విసుగు పుట్టించేదే. ఒక ఫైలు, పది లైన్లు, బయటికి ఏ తేడా కనబడదు. అలాంటివి ఎన్నో చేరాక, 2014 జూలైలో వచ్చిన 4.3 వెర్షన్‌లో ఆ గోడ కూలింది. ఏళ్ళ తరబడి వాడుకరులు అడుగుతున్నది అప్పుడు సాధ్యమైంది.

మన వత్తుల సంగతి

ఇప్పుడు మనకి నేరుగా సంబంధించినది. తెలుగు తెరమీద కనబడడం ఇంగ్లీషంత సులువు కాదు. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే చాలావరకు సరిపోతుంది. ‘లక్ష్మి’లో చివరి ఆరు సంకేతాలూ కలిసి ఒక్క అక్షరంగా మారాలి. ఏ వత్తు కిందకి వెళ్ళాలి, ఏది పక్కకి రావాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి, ఇదంతా ఎవరో లెక్కకట్టాలి. ఆ పనిని షేపింగ్ అంటారు.

ఒకప్పుడు లిబ్రెఆఫీస్‌లో ఈ పనికి ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో దారి ఉండేది. విండోస్‌లో ఒకటి, మ్యాక్‌లో ఒకటి, లైనక్స్‌లో మరొకటి. ఒకే పనికి మూడు రకాల కోడ్. ఒకచోట తప్పు దిద్దితే మిగిలిన రెండుచోట్లా దిద్దినట్టు కాదు. ఒక కంప్యూటర్‌లో టైపు చేసిన పేజీ ఇంకో కంప్యూటర్‌లో వేరేగా కనబడడానికి అవకాశం ఉండేది. ఒకే పనిని పలుచోట్ల విడివిడిగా రాయడం కోడ్ నాణ్యతలో పెద్ద లోపాల్లో ఒకటి.

2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 వెర్షన్‌తో అన్ని సిస్టమ్‌లకీ ఒకటే షేపింగ్ ఇంజిన్ పెట్టారు. దాని పేరు హార్ఫ్‌బజ్. అది కూడా ఓపెన్ సోర్సే. దీన్ని ముఖ్యంగా తీర్చిదిద్దింది ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డ బెహ్దాద్ ఎస్ఫాబోద్. పేరు పారసీక మాట, హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. లిబ్రెఆఫీస్‌లో దాన్ని అమర్చిన పనిలో ముఖ్యుడు ఈజిప్టుకి చెందిన ఖాలెద్ హోస్నీ. అరబిక్, పారసీక లిపులకీ తమ చిక్కులు తమకున్నాయి. తమ లిపి సరిగ్గా రావాలని పట్టుబట్టినవాళ్ళ పనివల్ల మన వత్తులూ బాగుపడ్డాయి.

లిపి మీద శ్రద్ధ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మరో ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కి కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు కలిసిన అక్షరక్రమం సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ యాప్ మూతపడిపోయేది. ప్రపంచమంతా వార్త అయింది. ఆపిల్ అదే నెలలో 11.2.6 అనే సవరణ విడుదల చేసింది. అది తెరిచిన కోడ్ కాదు కనుక, ఏ పంక్తిలో ఏం జరిగిందో బయటివాళ్ళు చదివి తెలుసుకునే వీలు లేదు. తెలుగు వచ్చినవాళ్ళు చేయగలిగింది ఎదురుచూడడం ఒక్కటే.

తెరిచిన కోడ్‌లో అలా ఎదురుచూడక్కర్లేదు. ఇక్కడ ఇంకో సంగతి. వత్తు తప్పు చోట పడితే దాన్ని తప్పని గుర్తుపట్టగలిగేది తెలుగు చదవగలిగినవాళ్ళే. ఎంత గొప్ప ప్రోగ్రామర్ అయినా తెలుగు రాకపోతే ఆ పేజీ చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటారు.

అందుకే ప్రాజెక్టుల్లో టెస్టులు రాస్తారు. టెస్ట్ అంటే ప్రోగ్రాంని ప్రోగ్రామే పరీక్షించడం. ‘ఈ పదం ఇస్తే ఇలా రావాలి’ అని ముందే రాసి పెడతారు. కోడ్ మారినప్పుడల్లా ఆ పరీక్ష దానంతటదే జరుగుతుంది. దిద్దిన తప్పు మళ్ళీ రాకుండా కాపలా అన్నమాట. ఆ పరీక్షకి ఏ తెలుగు పదాలు ఇవ్వాలో, సరైన రూపం ఏదో చెప్పడం భాష తెలిసినవాళ్ళ పని. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ లాంటి పదాలు మనకి నోటికొస్తాయి. వేరేవాళ్ళకి అలాంటి పదాలు ఉన్నాయనే తెలియదు.

మార్పు ఎలా పంపుతారు?

లిబ్రెఆఫీస్ పద్ధతి చెబుతాను, మిగిలిన ప్రాజెక్టుల్లోనూ ఇంచుమించు ఇదే.

మొదట పని ఎంచుకోవాలి. కొత్తవాళ్ళకి తగిన పనులని ‘ఈజీ హాక్స్’ పేరుతో గుర్తుపెట్టి ఉంచారు. ఎంత కష్టం, ఏ నైపుణ్యం కావాలి అన్నది కూడా పక్కన ఉంటుంది. తర్వాత ఒక ప్రకటన పంపాలి. ‘నా మార్పులని ఈ లైసెన్సు కింద అందరూ వాడుకోవచ్చు’ అని ప్రాజెక్టుకి ఒక్కసారి ఈమెయిల్ రాస్తే చాలు.

కోడ్ మార్పులన్నీ గిట్ అనే పద్ధతిలో నమోదవుతాయి. ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చరిత్ర ఉంటుంది. మన మార్పు నేరుగా అసలు ప్రతిలోకి వెళ్ళదు. గెరిట్ అనే చోటికి వెళుతుంది. అక్కడ జెన్కిన్స్ అనే యంత్రం ఆ మార్పుతో ప్రోగ్రాం విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ తయారవుతోందా, టెస్టులు నెగ్గుతున్నాయా అని చూస్తుంది. ఆ తర్వాత అనుభవమున్న మనిషి ఒకరు చదివి, సందేహాలు అడిగి, సరేనంటే చేరుస్తారు.

మొత్తం ప్రోగ్రాంని మన ల్యాప్‌టాప్‌లో తయారుచేసుకోవడానికి గంటలు పడుతుంది, డిస్కులో చాలా చోటు కావాలి. కామెంట్ దిద్దడం లాంటి చిన్న మార్పులకి ఆ అవసరం లేదు, గెరిట్‌లో బ్రౌజర్ నుంచే చేయవచ్చు. నేను పంపిన మొదటి మార్పు అలాంటిదే, రెండే రెండు లైన్లు. ఒక కామెంట్‌లో ఎప్పుడో పేరు మారిపోయిన ఫంక్షన్ పాత పేరు ఉండిపోయింది, దాన్ని కొత్త పేరుకి మార్చాను. చూసినవాళ్ళెవరో నాకు తెలియదు, ఏ దేశమో తెలియదు. “ఇది ఎప్పుడు మారిందో చూశావా?” అని ఒక ప్రశ్న అడిగారు. చరిత్రలో చూసిన తేదీ చెప్పాను. నాలుగో రోజున చేర్చారు. కాలేజీ పేరు గానీ, మార్కులు గానీ ఎవరూ అడగలేదు.

మార్పుతో పాటు రాసే చిన్న సందేశం చాలా ముఖ్యం. ఏం మార్చామన్నది కోడ్ చూస్తేనే తెలుస్తుంది. ఎందుకు మార్చామన్నది మనం చెబితేనే తెలుస్తుంది. పదేళ్ళ తర్వాత ఇంకొకరు చదువుకునేది ఆ సందేశమే. క్లుప్తంగా, స్పష్టంగా రాయడం వచ్చినవాళ్ళకి ఇక్కడ విలువ ఉంది.

చేయకూడనివి

నాణ్యత పేరుతో చెరుపు కూడా చేయవచ్చు. 2020 అక్టోబరులో జరిగింది చెప్పాలి. హాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా ఒక ఉత్సవం నడుస్తుంది. ఆ ఏడాది నాలుగు మార్పులు పంపితే ఉచితంగా టీ షర్టు అన్నారు. టీ షర్టు కోసం చాలామంది అర్థం లేని మార్పులు కుప్పలుగా పంపారు. ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని ఒక మాట చేర్చడం, బాగున్న వాక్యంలో పదం అటూ ఇటూ చేయడం లాంటివి. ఖాళీ సమయంలో ఉచితంగా పనిచేసే నిర్వాహకులు అవన్నీ ఒక్కొక్కటిగా తిరస్కరిస్తూ కూర్చోవలసి వచ్చింది. చివరికి నిర్వాహకులు ఒప్పుకున్న ప్రాజెక్టులకి మాత్రమే పంపేలా నియమం మార్చారు.

దీన్నుంచి మనం నేర్చుకోవలసినవి మూడు. ఒకటి, మన మార్పుని ఒక మనిషి కూర్చుని చదవాలి. వాళ్ళ అరగంటకి తగిన మేలు మన మార్పులో ఉండాలి. రెండు, ఒకసారి ఒకే పని చేయాలి. పేరు మార్చడం, తప్పు దిద్దడం, ఖాళీలు సర్దడం అన్నీ ఒకే మూటలో కడితే చదివేవాళ్ళకి ఏది దేనికోసమో తెలియదు. మూడు, నాకు నచ్చిన తీరు వేరు, నాణ్యత వేరు. వెయ్యి లైన్లలో ఖాళీలు మన ఇష్టప్రకారం సర్దితే అందం సంగతి అలా ఉంచి, ఆ లైన్ల చరిత్రలో చివరి పేరు మనదవుతుంది. నిజంగా రాసినవాళ్ళని వెతకాలంటే ఇంకో మెట్టు తవ్వాలి. ప్రాజెక్టుకి ఒక రాతపద్ధతి ఉంటుంది, అది నచ్చినా నచ్చకపోయినా దాన్నే పాటించాలి. పోతన పద్యాన్ని మన శైలిలోకి మార్చి అచ్చువేస్తే దాన్ని పరిష్కరణ అనరు కదా.

మనకేం పని?

తమిళనాడులో ఉన్న మన క్లాసులో చాలామందికి తెలుగు ఇంటిభాష, బడిభాష తమిళమో ఇంగ్లీషో. కొందరం అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర, కొందరం ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నాం. మన చుట్టూ తెలుగు బోర్డులు లేవు, తెలుగు దినపత్రిక ప్రతి వీధిలో దొరకదు. మనం తెలుగు చదివేది, రాసేది ఎక్కువగా తెరమీదే. అక్కడ అక్షరం చెదిరితే మనకి వేరే ఆసరా తక్కువ. అందుకే ఈ ప్రోగ్రాముల బాగోగులు మనకి పరాయి విషయం కాదు.

రెండు మూడు భాషల మధ్య పెరగడం ఇక్కడ ఉపయోగపడుతుంది కూడా. జర్మన్ కామెంట్లు అనువదించినవాళ్ళు చేసిందేమిటి? ఒక భాషలో దాగి ఉన్నదాన్ని ఇంకో భాషలో అందరికీ తెరిచారు. మనం అది రోజూ ఇంట్లో, వీధిలో, క్లాసులో చేస్తూనే ఉంటాం.

ఎవరెవరు ఏం చేయవచ్చో విడిగా చెబుతాను. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళు ఈజీ హాక్స్ జాబితాతో మొదలుపెట్టవచ్చు. రానివాళ్ళకి అనువాదం ఉంది. లిబ్రెఆఫీస్ మెనూల తెలుగు మాటలు వెబ్‌లేట్ అనే చోట దిద్దవచ్చు. అక్కడ ఎవరికీ అర్థం కాని కృతకమైన మాట కనబడితే మంచి మాట సూచించవచ్చు. తెలుగు సరిగ్గా కనబడనిచోటు గుర్తించి బగ్‌జిల్లాలో నమోదు చేయడం మరో పని. అనుభవం వచ్చాక కొంచెం పెద్దగా చేయాలనుకునే అమ్మాయిలకి ఔట్‌రీచీ అనే కార్యక్రమం ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఇంటినుంచే, భృతితో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే అవకాశం ఇస్తారు. ఎంపికకి ముందే ఆ ప్రాజెక్టుకి చిన్న చిన్న మార్పులు పంపి ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పిన రకం పనులు దానికి మంచి మొదలు.

తప్పు నమోదు చేసేటప్పుడు నాలుగు వివరాలు తప్పనిసరి: ఏ పదం, ఏ ఫాంట్, ఏ వెర్షన్, ఏ సిస్టమ్. దానికి స్క్రీన్ ఫోటో ఒకటి జతచేసి, అక్షరం ఎలా ఉండాలో, ఎలా వచ్చిందో పక్కపక్కన చూపించాలి. ‘తెలుగు సరిగ్గా రావడం లేదు’ అని మాత్రం రాస్తే తెలుగు రాని మనిషి దాంతో ఏమీ చేయలేరు.

మీరు టైపు చేసేటప్పుడు అలాంటి పదం ఏదైనా కనబడితే ఈ వివరాలతో ఒక చీటీ రాసి, ఈ పత్రిక పక్కనున్న డబ్బాలో వెయ్యండి. శుక్రవారం సాయంత్రం డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ దగ్గర ఉంటాను. వచ్చినవాటిని కలిసి చూసి, తెలుగులో ఉన్న తప్పుని ఇంగ్లీషులో ఎలా వివరించాలో కలిసి రాసి, మీ పేరుతోనే పంపుదాం.

— మూడో సంవత్సరం, బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్